ఉస్తాద్ నేర్పిన పనికి కాగితం ఏది?

పాతబస్తీలోనైనా, గుంటూరులోనైనా ముస్లిం పిల్లలు చాలామంది పని నేర్చుకునేది ఉస్తాద్ దగ్గరే. ఏసీ రిపేరు, వెల్డింగు, బండి ఇంజన్... చేయి తిరుగుతుంది గానీ సర్టిఫికెట్ ఉండదు. కంపెనీ గేటు దగ్గర ఆగిపోయేది అందుకే.

1961 అప్రెంటిస్ చట్టం కింద 2019లో మార్చిన నిబంధనల ప్రకారం, 30 మంది, అంతకు పైన సిబ్బంది ఉన్న సంస్థ అందులో 2.5 నుంచి 15 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. 4 నుంచి 29 మంది ఉంటే యజమాని ఇష్టం. ఇద్దరు ముగ్గురితో నడిచే షెడ్డుకు ఆ దారీ లేదు. ఉస్తాద్‌ల షెడ్లు ఎక్కువగా ఇవే మరి!

వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి ఒకటి 2015 నాటి పీఎం కౌశల్ వికాస్ యోజనలో ఉంది. ఏళ్లుగా పనిలో ఉన్నవాళ్లకు దగ్గరి దారి అదే. దానికోసం రోజు కూలి వదులుకోమంటే మాత్రం ఇంట్లో అమ్మీ ముందు లెక్క అడుగుతుంది.