నాలుగు భుజాలు చాలవు

బడంగ్‌పేట్ బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడిని త్రిభుజాల సర్వసమానత్వం గురించి అడగండి. భు-భు-భు, భు-కో-భు, కో-భు-కో అని గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతాడు. మరి నాలుగు భుజాలూ సమానమైనంత మాత్రాన రెండు చతుర్భుజాలు సర్వసమానం ఎందుకు కావని అడిగితే బిక్కమొహం వేస్తాడు. అతడిని తప్పుపట్టలేం. పరీక్షలో రాని ప్రశ్న బడిలో ఎవరు అడుగుతారు?

నిజానికి ఈ ఊరికి అంతకన్నా అవసరమైన ప్రశ్న లేదు. నిన్నమొన్నటి గ్రామ పంచాయతీ 2019 నాటికి నగరపాలక సంస్థ అయింది. చేలు లేఅవుట్లయ్యాయి, భూమిని గజాల్లో అమ్ముతున్నారు. ఒక ప్లాటుకు ఎదురెదురు భుజాలు ఒక జత 45 అడుగులు, మరో జత 60 అడుగులు అనుకుందాం. మూలలు మట్టంగా ఉంటే అది సరిగ్గా 300 గజాలు. అవే కొలతలతో ఒక మూల 60 డిగ్రీలకు వాలిందా, మిగిలేది సుమారు 260 గజాలే. ఎదురు భుజాల సగటులను గుణించే పాత లెక్క మాత్రం రెండింటికీ 300 అనే చెబుతుంది. కొనేవాడి కష్టార్జితంలో 40 గజాలు గాలికి పోయినట్టే. టేపు పట్టి ఒక్క కర్ణం కొలిస్తే గుట్టు బయటపడుతుంది. 75 అడుగులుంటే మూల మట్టం. చిన్న కర్ణం 54 దగ్గర ఆగితే బేరం ఆపాలి. పునాది తవ్వే ముందు 3-4-5 కొలతతో మూల సరిచూసుకునే మేస్త్రీకి ఈ సంగతి తెలుసు. పైథాగరస్ సిద్ధాంతాన్ని పదిసార్లు రాసిన విద్యార్థికి తట్టదు.

ఇది కొత్త తగాదా కూడా కాదు. సగటుల లెక్క స్థూలమేనని బ్రహ్మగుప్తుడు 628లోనే తేల్చాడు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు ఇంకా కటువుగా మాట్లాడాడు. కర్ణమో లంబమో చెప్పకుండా చతుర్భుజ వైశాల్యం అడిగేవాడు పిశాచమట, దానికి జవాబు చెప్పేవాడు అంతకు మించిన పిశాచమట! ఇచ్చిన వివరాలు చాలవని గుర్తించడమే గణితంలో తొలి తెలివి అన్న మాట తొమ్మిది వందల ఏళ్ల కింద మన దేశంలోనే అన్నారు. మన ప్రశ్నపత్రాల్లో మాత్రం ప్రతి లెక్కకూ సరిపడా దత్తాంశం సిద్ధంగా ఉంటుంది, దాన్ని శంకించే పని ఎవరికీ ఉండదు.

తరగతి గదిలో జరిగేది తెలిసిందే. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అని నాలుగు శీర్షికలు. వాటి కింద థేల్స్ సిద్ధాంతం గైడులో ఉన్నది ఉన్నట్టు. త్రిభుజం ఏబీసీ బదులు పీక్యూఆర్ అయితేనో, బొమ్మ తలకిందులైతేనో కలం ఆగిపోతుంది. తొమ్మిదో తరగతి పుస్తకంలో నిరూపణల మీద ఒక అధ్యాయమే ఉంది. పరీక్షకు పనికిరాదని దాన్ని దాటేయడం అందరికీ తెలిసిన రహస్యం.

సిలబస్ పూర్తిచేయాలి, ఉత్తీర్ణత శాతం చూపాలి, ఆలోచింపజేసే తీరిక ఎక్కడిదని ఉపాధ్యాయులంటారు. ఆ మాటలో న్యాయముంది. అందుకే మా వేలు వాళ్ల మీద కాదు, ప్రశ్నపత్రం మీద. పరీక్ష ఏది అడిగితే బడి అదే నేర్పుతుంది. ఉపన్యాసాలతో, శిక్షణ తరగతులతో ఇది మారదు.

పదో తరగతి గణిత పత్రంలో పుస్తకంలోగానీ గైడులోగానీ లేని జ్యామితి ప్రశ్న ఒకటి తప్పనిసరి చేయాలి. తప్పు దొర్లిన నిరూపణ ఒకటి ఇచ్చి, ఏ మెట్టు దగ్గర జారిందో పట్టుకోమనాలి. వివరాలు చాలవన్నదే సరైన జవాబయ్యే లెక్క ఒకటి ఉండాలి. మార్కుల్లో సగమైనా కారణానికి దక్కాలి. గైడు చూసి రాయించే ప్రాజెక్టు పనిని పక్కనపెట్టి, పిల్లల చేతికి టేపులిచ్చి బడి పక్కనున్న ఖాళీ ప్లాటు కొలిపించాలి. మొదటి ఏడాది ఫలితాలు తగ్గితే తగ్గనివ్వండి. ప్రశ్నపత్రాల నమూనా మార్చడానికి విద్యాశాఖకు కొత్త భవనాలు అక్కర్లేదు, కొత్త నిధులూ అక్కర్లేదు. వచ్చే విద్యా సంవత్సరం బడులు తెరిచేలోపే ఆ నమూనా ఉపాధ్యాయుల చేతికి అందాలి.