ఏది చూడవలె? ఎందుకు చూడవలె?

ఉదయము తాడేపల్లిగూడెమునుండి ఏలూరు వచ్చే రైలుబండిలో నాతోపాటు కళాశాల విద్యార్థులు పలువురు ప్రయాణము చేస్తుంటారు. నా చదువు రోజులలో ఆ బండిలో సినిమా తారలను గురించి వాదములు చెలరేగేవి. ఇప్పటి పిల్లలలో కొందరు జపానువారి బొమ్మల చిత్రములను గురించి వాదించుకొంటున్నారు. వీటికి 'అనిమే' అని పేరు. కొన్ని భాగములు భాగములుగా నడిచే ధారావాహికలు. కొన్ని పూర్తి సినిమాలు. బండి పూళ్ల దాటి భీమడోలు చేరులోపల ఎవరు ఏది చూచినారో, ఎవరు ఏది చూడవలెనో, ఏది చూడనక్కరలేదో తేలిపోవలసినదే.

ఉపాధ్యాయులమైన మనము ఈ ముచ్చట విని పెదవి విరుస్తాము. చదువుకొనవలసిన వయస్సులో ఈ బొమ్మలేమిటని గద్దిస్తాము. నేనును చాలాకాలము ఆ మాటే అన్నవాడను. ఒకనాడు ఆ సంభాషణ చెవినిబెట్టి వినిన తరువాత నా అభిప్రాయము మార్చుకొనవలసి వచ్చినది. ఎందుకు మార్చుకొన్నానో తోటి ఉపాధ్యాయులకును, విద్యార్థులకును చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ఆనాడు ఒక అమ్మాయి తన స్నేహితురాలికి రెండు చిత్రములను గురించి చెబుతున్నది. ఒకటి ఇసావొ తకహాత తీసిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్': యుద్ధకాలమున ఆకలి పాలబడిన అన్నాచెల్లెళ్ల కథ. రెండవది హయావొ మియజాకి తీసిన 'మై నైబర్ టొటోరో': తల్లి ఆసుపత్రిలో ఉండగా పల్లెకు చేరిన ఇద్దరు చిన్నారులకు అడవి దేవత తోడు నిలిచిన కథ. ఈ రెండును 1988 ఏప్రిలులో జపానులో ఒకేనాడు, జంటచిత్రములుగా విడుదలైనవి.

"ముందు ఏది చూడమంటావే?" అన్నది రెండవ పిల్ల.

"నీకు ఏడుపు తొందరగా వస్తుంది గదా. ముందు మిణుగురుల బొమ్మ చూసెయ్. తరవాత టొటోరో చూడు. తిరగేసి చూశావంటే రాత్రి నిద్ర పట్టదు. మీ తమ్ముడికి మాత్రం మొదటిది చూపించకు, వాడు చిన్నవాడు."

"ఆఖర్న ఏమవుతుంది?"

"అది నేను చెప్పను. నువ్వు చూశాక మాట్లాడుకుందాం."

ఈ నాలుగు మాటలలో ఎంత వివేకమున్నదో గమనింపుడు. మన పూర్వులు శాస్త్రగ్రంథారంభమున నాలుగు సంగతులు చెప్పవలెనన్నారు. ఇది దేనిని గురించినది? దీనివలన ప్రయోజనమేమి? దీనికి అధికారి ఎవరు? వీటికి పరస్పర సంబంధమేమి? దీనికి అనుబంధ చతుష్టయమని పేరు. ఆ అమ్మాయికి ఈ పేరు తెలియదు. అయినను విషయము చెప్పినది. కలుగబోయే అనుభవము చెప్పినది. ఈ చిత్రము నీకు తగును, నీ తమ్మునికి తగదు అని అధికారి భేదము పాటించినది. ఒకదాని తరువాత మరియొకటి ఎందుకు చూడవలెనో సంబంధము చెప్పినది. పైగా కథ ముగింపు దాచి, చూడబోయేవారి ఆనందమును కాపాడినది. 'నువ్వు ఎంతవరకు చూశావు?' అని అడుగకుండ ఈ పిల్లలు నోరు విప్పరు. పీఠికలోనే కథ యావత్తు చెప్పివేసే మన పండితులు ఈ మర్యాద నేర్వవలసియున్నది.

ఇప్పుడు నా లజ్జాకరమైన అనుభవమును చెప్పుకొందును. ఆ అమ్మాయి నా తరగతిలోని విద్యార్థినియే. కొలది దినముల తరువాత ఆమె తెలుగు జవాబుపత్రము నా చేతికి వచ్చినది. 'ఈ కథ నీకు నచ్చినదా? కారణములు వ్రాయుము' అన్న ప్రశ్నకు 'ఈ కథ పాఠకుల హృదయములను హత్తుకొని ఆలోచింపజేయును' అని వ్రాసినది. అదే వాక్యము, అక్షరము మారకుండ, మరి పెక్కు పత్రములలోను కనిపించినది. గైడులోని వాక్యము అది. నేను దానికి మార్కులు వేసినాను. ఏండ్ల తరబడి వేస్తూనే ఉన్నాను. రైలులో స్వంత బుద్ధితో తూచి చెప్పగల పిల్ల, తరగతి గదిలో అరువు వాక్యము వ్రాస్తున్నది. ఆమెకు అభిప్రాయము లేకపోలేదు. ఇక్కడ తన అభిప్రాయము అక్కరలేదని మేమే ఆమెకు నేర్పినాము.

ఇవి పరాయి దేశపు కథలు, మన పిల్లలకెందుకు అనేవారున్నారు. వారికి ఒక్క సంగతి గుర్తుచేయుదును. మన రామాయణమును పూర్తి నిడివి బొమ్మల చిత్రముగా రూపొందించుటకు పూనుకొన్నవాడు యూగొ సకో అనే జపాను దేశస్థుడు. మన రామ్ మోహన్ ఆయనతో కలిసి దానికి దర్శకత్వము వహించినారు. 2025 జనవరిలో అది తెలుగు మాటలతోకూడ మన సినిమాహాళ్లకు వచ్చినది. మన కథను వారు గౌరవించి గీసినప్పుడు, వారి కథను మనము శ్రద్ధతో చూచుట తప్పెట్లగును?

మరియొక వాదము రైలులో తరచు వింటాను. జపాను మాటలు వింటూ అడుగున అక్షరములు చదువుకొనుట మేలా, తెలుగు మాటలతో చూచుట మేలా? 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్' తెలుగులోకూడ విడుదలైనప్పుడు ఈ తగవు ముదిరినది. మూలములోని గొంతు తడబాటు తెలుగులో పోయినదని ఒకరు. మా అమ్మకూడ నా ప్రక్కన కూర్చుండి చూచినది, అది చాలునని మరియొకరు. ఇది అనువాదమును గురించి మన సాహిత్యములో వేయేండ్లుగా నడుస్తున్న చర్చయే. తెలుగులో మొదటి డబ్బింగు చిత్రమైన 'ఆహుతి'కి 1950లో మాటలు, పాటలు వ్రాసినవారు మహాకవి శ్రీశ్రీ. పెదవుల కదలికకు మాట అమర్చుట చిన్న పనియని ఆయన తలపలేదు. నేటి అనువాదములలో తెలుగు ఎచట పలికినది, ఎచట పలుకలేదో ఈ పిల్లలచేతనే విచారింపజేసినచో, భాషాబోధనకు అంతకంటె మంచి పాఠము దొరకదు.

నా అభిప్రాయమును పూర్తిగా స్థిరపరచిన సంఘటన వేరొకటి ఉన్నది. ఒకనాడు పాఠము ముందుగా ముగిసినందున, మీకు నచ్చినదానిని గురించి చెప్పుడని విద్యార్థులను అడిగినాను. కొల్లేటి లంకగ్రామమునుండి వచ్చే ఒక అబ్బాయి లేచి, మియజాకి 2001లో తీసిన 'స్పిరిటెడ్ అవే'లోని ఒక ఘట్టము చెప్పినాడు. దేవతలు స్నానము చేయు ఒక సత్రము. అచటికి బురదముద్దవంటి ఒక దేవత వస్తుంది. దుర్గంధమునకు అందరును ముక్కు మూసుకొంటారు. పనికి కుదిరిన చిన్నపిల్ల మాత్రము దగ్గరకు పోయి, ఆ దేహములో ముల్లువలె గ్రుచ్చుకొన్నదానిని పట్టుకొంటుంది. అందరును కలిసి లాగగా ఒక సైకిలు ఊడివస్తుంది. దాని వెంట కొండంత చెత్త. కడుగబడిన తరువాత తెలుస్తుంది, అది ఒక మహానది అని. తాను స్వయముగా ఒక నదిని బాగుచేయుటలో పాల్గొన్నప్పుడు సైకిలు బయటపడిన అనుభవమే ఈ ఘట్టమునకు మూలమని మియజాకి చెప్పినారు.

"అది మన కొల్లేరేనండి, మాస్టారూ" అన్నాడు ఆ అబ్బాయి.

తరగతి నిశ్శబ్దమైనది. వెనుక బల్లనుండి మరియొక అబ్బాయి లేచినాడు. అతని కుటుంబము చేపల చెరువులమీద బ్రదుకుతున్నది. "సైకిలు లాగినంత సులువా అండి? చెరువులు కొట్టేస్తే మా ఇంట్లో అన్నం ఎక్కడిదండి? ఆ బొమ్మలో చెత్త పారేసినవాళ్ల పిల్లల్ని చూపించలేదండి" అన్నాడు.

కొల్లేటి చరిత్ర ఎరిగినవారికి ఈ ప్రశ్న బరువు తెలియును. కృష్ణా గోదావరుల మధ్య బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏరుల నీటిని పొదువుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు పంపే మంచినీటి సరస్సు అది. 1999లో 308 చదరపు కిలోమీటర్లమేర అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ ఒడంబడికక్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపు పొందినది. 2006లో అయిదవ కాంటూరు దిగువనున్న చేపల చెరువుల గట్లను ప్రభుత్వము త్రెంచివేసినది. సరస్సు ఊపిరి పీల్చుకొనవలెననుట ఒక న్యాయము. గట్టుతోపాటు జీవనాధారము తెగినవాని దుఃఖము మరియొక న్యాయము. ఆ రెండును ఆనాడు నా తరగతి గదిలో ఎదురెదురుగా నిలిచినవి. వాటిని తెచ్చినది పాఠ్యపుస్తకము కాదు, ఒక బొమ్మల సినిమా.

రెండవ అబ్బాయి మాటను తేలికగా తీసివేయరాదు. ఒక గొప్ప కృతిలో ఏది లేదో చూపగలుగుట విమర్శలో ఎత్తైన మెట్టు. మొదటివాడు కళనుండి బ్రదుకులోకి వచ్చినాడు. రెండవవాడు బ్రదుకునుండి కళను ప్రశ్నించినాడు. సాహిత్య విమర్శకు ఇంతకంటె వేరు పనియేమున్నది?

ఇంతమాత్రమున ఈ గోష్ఠులన్నియు నిర్దోషములని నేననుట లేదు. 'పదికి తొమ్మిది' అని అంకె వేసి ఊరకుండుట విమర్శ కాదు. తనకు నచ్చిన చిత్రమును నచ్చలేదన్నవానిని తూలనాడుట అభిమానము కాదు, మూఢత్వము. పదిమంది మెచ్చుకొన్నారని తానును మెచ్చుకొనుట గైడు వాక్యమునకు తోబుట్టువే. వీటికి మందు మన సంప్రదాయములోనే ఉన్నది. పూర్వపక్షమును ప్రతివాది మెచ్చునట్లు తాను చెప్పిన పిమ్మటనే సిద్ధాంతము చేయవలెనన్నారు శాస్త్రజ్ఞులు. ఈ నియమము రైలుబండికిని వర్తించును, తరగతికిని వర్తించును.

ఏలూరిలో 1945లో వెలసిన కళాశాలకు సర్ కట్టమంచి రామలింగారెడ్డిగారి పేరు పెట్టినారు. 'కవిత్వతత్త్వవిచారము'లో ఆయన పింగళి సూరనను మెచ్చుకొన్నను, ఇతర ప్రబంధకవులను తప్పుపట్టినను, తాను చదివి తాను తూచి చెప్పినారు. ఆయనతో ఏకీభవింపనివారు నాడును ఉన్నారు, నేడును ఉన్నారు. కాని అరువు అభిప్రాయము చెప్పినాడని ఎవరును అనలేదు. ఆ పేరు నిత్యము స్మరించే ఊరిలో పిల్లలకు స్వంత అభిప్రాయము చెప్పుకొను చోటు రైలుబండి ఒక్కటే కారాదు.

కనుక ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. పక్షమునకు ఒక్క గంట ఇందుకు కేటాయింపుడు. ప్రతి విద్యార్థియు తనకు నచ్చినదానినొకటి, అనిమే అయినను సరే, చెప్పవలెను. అది దేనిని గురించినది, ఎవరికి తగును, ఎందుకు చూడవలె, అందులో లేనిదేమి అను నాలుగు ప్రశ్నలకు తెలుగులో సమాధానమీయవలెను. మరుపక్షము అవే ప్రశ్నలను గ్రంథాలయమునుండి తెచ్చుకొన్న ఒక తెలుగు పుస్తకమునకు వేయవలెను. నేను ఈ పద్ధతి మొదలుపెట్టినాను. ఆ అమ్మాయి తెచ్చిన మొదటి పుస్తకము ఆమెకు నచ్చలేదు. నచ్చకపోవుటకు మూడు కారణములు చెప్పినది. ఒకటి నాకు సమ్మతము కాదు. మిగిలిన రెండింటికి నావద్ద సమాధానము లేదు. గైడు వాక్యమునకు మార్కులు వేసిన ఈ చేతితో ఆ మూడు కారణములకును నిండు మార్కులు వేసినాను.