పతకం వస్తేనే పరుగు వార్త అవుతుందా? క్రికెట్ హోరులో వినపడని ఉత్తరాంధ్ర కాలేజీ ట్రాక్

2025 మే 29 సాయంత్రం తెలుగు న్యూస్ ఛానళ్లు, యూట్యూబ్ లైవ్‌లు, వాట్సాప్ గ్రూపులు అన్నీ ఒకే చోట ఉన్నాయి. ముల్లాన్‌పూర్‌లో ఐపీఎల్ తొలి క్వాలిఫయర్. పంజాబ్ 101 పరుగులకే ఆలౌట్, బెంగళూరు ఫైనల్‌కు. అదే రోజు దక్షిణ కొరియాలోని గుమిలో విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.96 సెకన్లలో పూర్తి చేసింది. ఆసియా ఛాంపియన్‌షిప్‌లో వరుసగా రెండో స్వర్ణం, పైగా ఆ పోటీల రికార్డు. అదే రోజు మహిళల 4×400 రిలేలో బంగారు పతకం గెలిచిన భారత జట్టులో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏజెన్సీ నుంచి వచ్చిన కుంజా రజిత కూడా ఉంది.

ఒకే రోజు ఇద్దరు ఆంధ్ర అమ్మాయిలకు ఆసియా స్వర్ణాలు. అయినా ఆ రోజు చాలామందికి ఈ సంగతి తెలియలేదు. ఆ తర్వాత ఒక వీడియో వైరల్ అయింది. ఖాళీ స్టేడియం, పోడియం మీద జ్యోతి కన్నీళ్లు. వర్షం వల్ల పోటీలకు అంతరాయం కలగడంతో ప్రేక్షకులు వెళ్లిపోయారు. కానీ "ఆమెను చూడటానికి ఒక్కరూ రాలేదు" అన్న క్యాప్షన్‌తోనే వీడియో తిరిగింది. జనానికి చేరింది ఆ కన్నీళ్లే. 12.96 అనే అంకె చేరలేదు.

లెక్కకు రాని రికార్డు

పట్టించుకోకపోతే ఏం పోతుంది, పతకం వచ్చింది కదా అనొచ్చు. ఏం పోతుందో చెప్పడానికి జ్యోతి కథే సాక్ష్యం.

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరెలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. ఆచార్య నాగార్జున యూనివర్సిటీ తరఫున దిగిన జ్యోతి 13.03 సెకన్లలో హర్డిల్స్ ముగించింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38. అది 2002లో అనురాధా బిస్వాల్ పెట్టినది. అంటే ఒక కాలేజీ విద్యార్థిని 18 ఏళ్ల నాటి రికార్డును సెకనులో మూడో వంతుకు పైగా తేడాతో దాటేసింది. అయినా రికార్డు పుస్తకంలోకి ఎక్కలేదు. కారణం, ఆ పోటీల్లో ఆమెకు డోప్ పరీక్ష జరగలేదు. అథ్లెటిక్స్ ఫెడరేషన్ టెక్నికల్ డెలిగేట్ కూడా అక్కడ లేరు.

2022 ఏప్రిల్‌లో కోళిక్కోడ్ ఫెడరేషన్ కప్‌లో మళ్లీ రికార్డును దాటింది. ఈసారి గాలి అడ్డు పడింది. వెనుక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లకు మించకూడదు, ఆ రోజు 2.1 ఉంది. చివరికి 2022 మే 10న సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23తో అధికారికంగా జాతీయ రికార్డు ఆమె పేరు మీదికి వచ్చింది. గమనించాల్సిన విషయం ఏమిటంటే, ఈ టైమింగ్ రెండేళ్ల నాలుగు నెలల క్రితం కాలేజీ పోటీల్లో ఆమె పరుగెత్తిన దానికంటే నెమ్మది.

గాలి ఎవరి చేతిలోనూ ఉండదు. డోప్ పరీక్ష, టెక్నికల్ డెలిగేట్ మాత్రం మనుషుల చేతిలోనివే. కెమెరాలు ఉన్న చోటికి అధికారులు వస్తారు, స్పాన్సర్లు వస్తారు, నిబంధనలు కూడా వస్తాయి. ఐపీఎల్‌లో ఒక నోబాల్‌ను మూడు కోణాల్లో చూస్తారు. దేశంలో యూనివర్సిటీ స్థాయిలో అతి పెద్ద అథ్లెటిక్స్ పోటీలో జాతీయ రికార్డును ధ్రువీకరించే ఏర్పాటే లేకపోయింది.

చివరి వరుసలో విజేత

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పరిస్థితి దీనికంటే ఒక మెట్టు కిందే ఉంటుంది. ఎచ్చెర్లలోని అంబేడ్కర్ యూనివర్సిటీ, విజయనగరంలోని జేఎన్‌టీయూ-జీవీ, విశాఖలోని ఆంధ్ర యూనివర్సిటీ పరిధిలోని విద్యార్థులకు దారి ఒక్కటే. ముందు అంతర్ కళాశాలల మీట్, తర్వాత యూనివర్సిటీ జట్టు, ఆ తర్వాత అఖిల భారత పోటీలు.

తెలుగు పత్రికలకు జిల్లా పేజీలు కొత్త కాదు. 1974లో విశాఖలో మొదలైన ఈనాడు 1989లో జిల్లా టాబ్లాయిడ్లు తెచ్చాక మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. కాబట్టి చోటు లేదనే మాట చెల్లదు. అంతర్ కళాశాలల మీట్ వార్త కూడా వస్తుంది. ఎలా వస్తుందన్నదే సమస్య. ఒక ఫొటో, ముందు వరుసలో ముఖ్య అతిథి, ప్రిన్సిపల్, పీడీ. వెనుక వరుసలో కప్పు పట్టుకున్న విద్యార్థులు. "క్రీడల వల్ల మానసికోల్లాసం కలుగుతుందని ఆయన అన్నారు" అని ఒక వాక్యం. 400 మీటర్లు ఎవరు గెలిచారో ఒక్కోసారి ఉంటుంది. ఎన్ని సెకన్లలో గెలిచారో దాదాపుగా ఉండదు.

క్రికెట్ వార్తలో స్కోరు లేకుండా ఏ సబ్ ఎడిటరూ వదలడు. అథ్లెటిక్స్‌కు టైమే స్కోరు. అది లేని వార్తతో ఏ కోచ్‌కూ, ఏ అకాడమీకీ, ఏ స్కౌట్‌కూ పని లేదు.

ఇక్కడ పరుగంటే ఉద్యోగం

ఈ రెండు జిల్లాల్లో తెల్లవారుజామున రోడ్ల మీద, గ్రౌండ్లలో పరుగెత్తే కుర్రాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లలో ఎక్కువ మంది లక్ష్యం ఒలింపిక్స్ కాదు. ఆర్మీ రిక్రూట్‌మెంట్‌కు 1.6 కిలోమీటర్ల పరుగు, పోలీస్ కానిస్టేబుల్‌కు 1600 మీటర్లు, దానితో పాటు 100 మీటర్లు లేదా లాంగ్ జంప్. వలసలు ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో యూనిఫాం ఉద్యోగం ఒక ఇంటిని నిలబెడుతుంది. అంటే అథ్లెట్ల కొరత లేదు. వాళ్లలో ఎవరు ఎంత వేగంగా పరుగెత్తారో రాసి పెట్టేవాళ్ల కొరత ఉంది.

ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగాల్లో క్రీడా కోటాను 3 శాతానికి పెంచింది. కోటా కావాలంటే గుర్తింపు ఉన్న పోటీల్లో ఫలితం, సర్టిఫికెట్ ఉండాలి. కాబట్టి నమోదు కాని పరుగు అంటే చేజారిన ఉద్యోగం కూడా కావచ్చు.

ప్రభుత్వ ప్రాధాన్యం ఎటు ఉందో 2023 డిసెంబర్ చివర్లో మొదలైన 'ఆడుదాం ఆంధ్రా' చూపించింది. గ్రామ సచివాలయం నుంచి రాష్ట్ర స్థాయి దాకా పోటీలు జరిగిన ఐదు ఆటలు క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్. పరుగు పందేలకు ఆ జాబితాలో చోటు దక్కలేదు. ఖర్చు లేని ఆట, చెప్పులు కూడా అక్కర్లేని ఆట, అదే మిగిలిపోయింది.

ఈ గడ్డకు ఇది కొత్త కాదు

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో బరువులెత్తడం నేర్చుకున్న కరణం మల్లీశ్వరి 1994, 1995లో ప్రపంచ ఛాంపియన్. అయినా సిడ్నీకి ముందు ఆమె ఎంపిక మీదే పత్రికల్లో విమర్శలు వచ్చాయి. 2000 సెప్టెంబర్ 19న 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయ్యాకే అందరూ శ్రీకాకుళం వైపు చూశారు. విజయనగరం జిల్లా కొండవెలగాడ కూడా వెయిట్ లిఫ్టర్ల ఊరే. ఆ ఊరి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం గెలిచింది. పతకం వస్తే నాలుగు రోజులు ఊరి పేరు వినిపిస్తుంది, తర్వాత మళ్లీ నిశ్శబ్దం.

ఇదే విజయనగరం పేరు క్రికెట్‌లో మాత్రం చిరస్థాయిగా ఉంది. 1936లో ఇంగ్లండ్‌లో భారత జట్టుకు కెప్టెన్‌గా వెళ్లిన విజయనగరం మహారాజ్‌కుమార్ 'విజ్జీ' ఆటగాడిగా గొప్పవాడు కాదని క్రికెట్ చరిత్రకారులే రాస్తారు. తర్వాత ఆయన క్రికెట్ బోర్డు అధ్యక్షుడు, రేడియో వ్యాఖ్యాత కూడా అయ్యారు. మైకు ఎవరి చేతిలో ఉంటే చరిత్ర వాళ్లను గుర్తుంచుకుంటుంది.

ఫుట్‌బాల్ సంగతీ అంతే. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హయాంలో భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది. కొత్త తరానికి ఆ పేరు తెలియడానికి 2024లో 'మైదాన్' సినిమా రావాల్సి వచ్చింది. 2022లో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. నిజామాబాద్ నిఖత్ జరీన్ కూడా మొదట పరుగుతోనే ఆటల్లోకి వచ్చింది. 2022లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాక గానీ దేశం ఆమెను పూర్తిగా గుర్తించలేదు.

డబ్బు ఎటు ప్రవహిస్తే కెమెరా అటు

దీన్ని కేవలం జర్నలిస్టుల పక్షపాతం అనుకుంటే పొరపాటు. ఐపీఎల్ 2023-27 ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. టీ20 మ్యాచ్ మూడున్నర గంటలు సాగుతుంది, ప్రతి ఓవర్ తర్వాత ప్రకటన. హర్డిల్స్ రేసు 13 సెకన్లలో అయిపోతుంది. యాడ్ పెట్టడానికి సందు ఉండదు.

మన పిల్లలు చదువుకోవడానికి వెళ్లే అమెరికాలోనూ ఇదే తేడా ఉంది. అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ ప్లేఆఫ్ హక్కులకు ఈఎస్‌పీఎన్ ఆరేళ్లకు 780 కోట్ల డాలర్లు ఇస్తోంది. అథ్లెటిక్స్‌తో కలిపి 40 ఇతర కాలేజీ ఛాంపియన్‌షిప్‌లకు ఎనిమిదేళ్లకు 92 కోట్ల డాలర్లు. కానీ ఒక తేడా ఉంది. అక్కడ ఫుట్‌బాల్ సంపాదన యూనివర్సిటీ క్రీడా విభాగానికి చేరి, అదే డబ్బుతో ట్రాక్ జట్టు కూడా నడుస్తుంది. ఇక్కడ క్రికెట్ డబ్బు బోర్డుకు, ఫ్రాంచైజీలకు పోతుంది. ఎచ్చెర్ల ట్రాక్ దాకా ఒక్క రూపాయి కూడా దారి తెలుసుకుని రాదు.

క్రికెటర్ల మీద కోపం పెట్టుకోవాల్సిన పని లేదు. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి మెల్‌బోర్న్ సెంచరీకి గర్వపడాల్సిందే. ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉన్న కడప అమ్మాయి శ్రీచరణికి ప్రభుత్వం 2.5 కోట్లు, ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించడమూ సమంజసమే. ఆ గుర్తింపు గెలిచాక వచ్చేది. కాలేజీ అథ్లెట్‌కు కావాల్సింది గెలవకముందు వచ్చే గుర్తింపు.

ఖర్చు లేని పనులు

కోట్లు అక్కర్లేని పనులు మూడున్నాయి. యూనివర్సిటీలు ప్రతి మీట్ ఫలితాలను టైము, దూరంతో సహా అదే రోజు వెబ్‌సైట్‌లో పెట్టాలి. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు టెక్నికల్ డెలిగేట్, డోప్ పరీక్ష బృందం తప్పనిసరి చేయాలి. జిల్లా విలేకరులు, లోకల్ యూట్యూబ్ ఛానళ్లు ముఖ్య అతిథి ప్రసంగాన్ని రెండు లైన్లు తగ్గించి విజేత పేరు, కాలేజీ, టైము రాయాలి. ఈ మూడో పని రేపటి ఎడిషన్ నుంచే మొదలుపెట్టొచ్చు.

జ్యోతి తండ్రి సెక్యూరిటీ గార్డు. ప్రతిభకు తోడు హైదరాబాద్, గుంటూరు, భువనేశ్వర్‌లో మంచి కోచ్‌లు దొరికారు కాబట్టి లెక్కకు రాని ఆ 13.03 తర్వాత కూడా ఆమె పరుగు ఆపలేదు. 2025లో మోకాలి గాయం అయినప్పుడు ఆమె గురించి రాయడానికి పత్రికలున్నాయి. శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో ఈ ఏడాది పరుగెత్తే పిల్లలకు ఆ మాత్రం ఆసరా కూడా లేదు. వాళ్లలో ఎవరైనా రేపు రికార్డు దాటితే, దాటినట్టు చెప్పే ఒక కాగితం ముక్క అయినా ఉండాలి.