టెస్ట్ పాసైంది, బగ్ అలాగే ఉంది

మా నాన్నకి షుగర్ టెస్టంటే పరీక్షే. ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినాయన మరి! రక్తం ఇవ్వడానికి నాలుగు రోజుల ముందునుంచీ కాఫీలో పంచదార బంద్, రాత్రిళ్ళు అన్నం బదులు రెండు పుల్కాలు, పొద్దున్నే చెరువుగట్టు మీద నడక. పరగడుపు షుగర్ 130 లోపే వచ్చేది. ఆ సాయంత్రమే పూతరేకులు తెచ్చుకుని, పాసైనందుకు పండగ చేసుకునేవాడు.

కిందటేడు కొత్త డాక్టరుగారు హెచ్‌బీఏ1సీ కూడా రాశారు. 8.4 వచ్చింది. "నాలుగు రోజులు కడుపు మాడ్చుకుని ఎవర్ని మోసం చేశారు మాస్టారూ?" అని నవ్వారాయన. కళ్ళ డాక్టరు దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. రెటీనా అప్పటికే దెబ్బతినడం మొదలైందట.

ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. ఆ రోజులన్నీ రక్తంలో తిరిగే చక్కెర దాని హిమోగ్లోబిన్‌కి అంటుకుంటూ పోతుంది. మన భాషలో చెప్పాలంటే పరగడుపు షుగర్ ఒక స్క్రీన్‌షాట్, ఇది రెండు మూడు నెలల లాగ్ ఫైలు. స్క్రీన్‌షాట్ తీసేముందు డెస్క్‌టాప్ సర్దేయొచ్చు, లాగ్‌ని ఎడిట్ చెయ్యలేం. రక్తహీనత ఉంటే ఈ లాగ్ కూడా తప్పు చెప్పొచ్చు, అందుకని చదవడం డాక్టరుకే వదిలెయ్యాలి.

నాన్నని తిట్టే అర్హత నాకుందా అంటే.. లేదు. ఆఫీసు హెల్త్ చెకప్‌కి ముందు వారం నేను చేసేదీ అదే! ఈసారి నాది 5.9. 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, 6.5 నుంచి డయాబెటిస్. ఇరవై ఎనిమిదేళ్ళకి!

ఇలాంటప్పుడు మనవాళ్ళు రెండే పనులు చేస్తారు. "బోర్డరే కదా" అని రిపోర్టు ఫైల్లో పెట్టేస్తారు. లేదా గ్లూకోజ్ సెన్సార్ అంటించుకుని గ్రాఫులు చూస్తూ కూర్చుంటారు. డాష్‌బోర్డు ఎంత బాగున్నా బగ్ దానంతటది ఫిక్సవదు కదా.

ఫిక్స్ ఏమిటో కొత్తగా కనిపెట్టక్కర్లేదు. అమెరికాలో 2002లో వచ్చిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాల్లో, 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళకి డయాబెటిస్ ముప్పు 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్ళకి 31 శాతం. మన దేశంలో చేసిన ఇలాంటి స్టడీ 2006లో వచ్చింది. అందులో అలవాట్లు మార్చుకున్నవాళ్ళకి 28.5 శాతం, మాత్రతో 26.4 శాతం తగ్గింది. మనకి లాభం తక్కువే, కానీ నడక మాత్రకి తీసిపోలేదు.

నా మటుకు నాకు అర్థమైంది ఒక్కటే. ఆ నంబరు ఎవరికో చూపించి మార్కులు వేయించుకోవడానికి కాదు, మిగతా 361 రోజులు ఎలా బతుకుతున్నామో మనకి చెప్పడానికి.

మొన్న ఫోన్లో నాన్న "నీదెంతరా?" అన్నాడు, అచ్చం మార్కులు అడిగినట్టే. చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "రేప్పొద్దున్న ఆరింటికి ఫోన్ చేస్తా. నువ్వక్కడ, నేనిక్కడ.. నడుద్దాం" అన్నాడు.

మూడు వారాలైంది, నడుస్తున్నాం. ఇంతకీ మీదెంత?