పసివాడి తల్లికి వీధిలో ఏమున్నది?

విజయవాడ నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ వారం నా ముందున్నది. పేరు వేయవద్దన్నారు, వేయను. బి.కాం. చదివి, ఒక ప్రైవేటు కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగం చేసేవారట. బాబు పుట్టాక ఏడాదిపాటు ఎలాగో నెట్టుకొచ్చి, చివరకు మానేశారు. అత్తవారిది శ్రీకాకుళం వైపు, పుట్టింటివారిది నెల్లూరు వైపు. భర్తకు బదిలీ అయి వచ్చిన వూరు ఇది. బాబుకి మూడేళ్లు నిండాయి. "పొద్దున్న ఎనిమిది మొదలు రాత్రి ఎనిమిది దాకా వాడూ, నేనూ, నాలుగు గోడలూ. వాడు అన్నం తినాలంటే సెల్‌ఫోను చూపించాలి. నాకు మళ్లీ ఉద్యోగం చేయాలని వుంది. వాణ్ని ఎవరికి అప్పగించను? ఈ వూళ్లో మాకెవరున్నారు?" అని ముగించారు.

ఈ ప్రశ్నకు మన ఇళ్లలో వెంటనే దొరికే జవాబు ఒకటే: "మీ అమ్మగారిని పిలిపించుకోరాదూ?" పిలిపించుకోవచ్చు. కాని అమ్మమ్మలకూ మోకాళ్ల నొప్పులుంటాయి. తాతయ్యను వదిలి రాలేని పరిస్థితులుంటాయి. కొందరు అమ్మమ్మలు ఇంకా ఉద్యోగాలే చేస్తున్నారు. రెండో జవాబు, డబ్బు పారేసి ప్లేస్కూలులో వేయడం. వేయగలవాళ్లు వేస్తారు. ఈ రెండూ కుదరనివాళ్లకు లోకంలో మరేమీ లేదన్నట్టు మనం మాట్లాడుకుంటాం. వున్నది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా? మన వీధి చివర వున్నదాని సంగతి మనకే తెలియదు.

మొదట అంగన్‌వాడీ సంగతి చెబుతాను. ఆ మాట వినగానే చాలామంది ముఖం ఒకలాగా పెడతారు. "అది బీదపిల్లలకు గదండీ?" అంటారు. కాదు. 1975 అక్టోబరు 2న ఈ పథకం మొదలైనప్పుడు కొన్ని ప్రాంతాలకే పరిమితమైన మాట నిజమే. కాని 2013లో వచ్చిన ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు వయస్సు గల ప్రతి బిడ్డకూ అక్కడ హక్కు వున్నది. తండ్రి జీతమెంత అని చట్టం అడగలేదు. మూడేళ్లు దాటిన పిల్లలకు ఆటపాటలతో చదువూ, వేడి భోజనమూ అక్కడే పెడతారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ భోజనంలో కోడిగుడ్డు కూడా వుంటుంది. పిల్లల్ని తూకం వేసి, వయస్సుకు తగ్గట్టు ఎదుగుతున్నారో లేదో పటం మీద గుర్తు పెడతారు. టీకాలకూ, గర్భిణులకూ, బాలింతలకూ అదే కేంద్రం. ఇంత పని జరిగే చోటు మన ఇంటికి నడిచి వెళ్లే దూరంలో వుంటే, దాని తలుపు ఏ రంగో కూడా మనకు తెలియదు!

అక్కడ అంతా బాగున్నదని నేను చెప్పబోవడం లేదు. చాలాచోట్ల అద్దె గది, ఇరుకు, ఆడుకునే స్థలం వుండదు. ఒకే టీచరు, ఒకే ఆయా, చేతినిండా రిజిస్టర్లు. ఈ లోపాలు ఇన్నేళ్లుగా ఎందుకు తీరలేదని ఆలోచించండి. గట్టిగా అడగగలవాళ్లు, అర్జీ రాయగలవాళ్లు, కార్పొరేటరు ఇంటికి వెళ్లి కుర్చీలో కూర్చుని మాట్లాడగలవాళ్లు తమ పిల్లల్ని అక్కడికి పంపరు. పంపే తల్లులకు ఆ రోజు కూలి పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే తీరిక లేదు. మనబోటివాళ్లం లేకపోవడమే ఆ సంస్థకు పట్టిన జబ్బుల్లో పెద్దది. మన పిల్లవాడు వెళ్తే బీదపిల్లవాడి చోటు పోతుందని భయపడనక్కరలేదు. వాడి పక్కన మనవాడు కూర్చుంటే, ఆ గదికి సున్నం వేయించే బాధ్యత మనకూ వస్తుంది.

అక్కడ పనిచేసే ఆమె సంగతి కూడా ఒక మాట. ప్రభుత్వం ఆమెకిచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. పేరులోని గౌరవం వేతనంలో కనపడదని వాళ్లు ఎన్నో ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. వారికి గ్రాట్యుటీ హక్కు వున్నదని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పవలసి వచ్చింది. 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లు సమ్మెకు దిగి, 2024 జనవరి దాకా 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. మన పిల్లల్ని ఆడించే చేతులు అవి. వెళ్లినప్పుడు "ఏమ్మా" అని కాక "టీచరుగారూ" అని పిలవండి. దానికి ఖర్చేమీ లేదు.

అయితే అంగన్‌వాడీని ఆఫీసు కంటే ముందే మూసేస్తారు. ఆఫీసు సాయంకాలం దాకా. ఈ మధ్యలో వున్న గంటలే తల్లి ఉద్యోగాన్ని మింగేస్తున్నాయి. దీనికి చట్టంలో ఒక దారి వున్నది. అది చాలామంది చదువుకున్న ఆడవాళ్లకే తెలియదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 50 మందికి పైగా ఆడవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో పిల్లల గది వుండాలన్నది. 1976లో ఆ సంఖ్యను 30కి తగ్గించారు. ఉద్దేశం మంచిదే. కాని లెక్క ఆడవాళ్ల మీద పెట్టారు గనుక, ఆడవాళ్లను 30 దాటనీయకపోతే గది కట్టే పనే లేదు! 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు ఈ మెలిక విప్పారు. మొదటి ఇద్దరు పిల్లలకు సెలవును 26 వారాలకు పెంచడంతోపాటు, మగా ఆడా కలిపి 50 మంది ఉద్యోగులున్న ఏ సంస్థలోనైనా పిల్లల గది వుండాలన్నారు. దగ్గరలో వున్నా సరే, నాలుగు సంస్థలు కలిసి పెట్టుకున్నా సరే. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ నియమాలను చేర్చారు.

కాబట్టి సోదరీ, ఈసారి ఉద్యోగానికి వెళ్లినప్పుడు జీతమెంత అని అడిగినట్టే, "ఇక్కడ మొత్తం ఎంతమంది పనిచేస్తున్నారు? పిల్లల గది ఎక్కడ వున్నది?" అని కూడా అడగండి. ఒక్కరు అడిగితే "ఈమె గడుసుది" అంటారు. పదిమంది అడిగితే గది వెతుకుతారు. మగవాళ్లు అడిగితే ఇంకా త్వరగా వెతుకుతారు. బిడ్డ తండ్రికి కూడా బిడ్డే గదా!

50 మంది లేని చోటే మనవాళ్లు ఎక్కువమంది పనిచేసేది అంటారేమో. అదీ నిజమే. లెక్కలు తెలిసిన మనిషికి ఇంటి దగ్గర పని లేకపోలేదు. 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చిన దగ్గరనుంచి చిన్న వ్యాపారులు కూడా నెలకో, మూడు నెలలకో రిటర్నులు దాఖలు చేయవలసి వస్తున్నది. మీ వీధిలోని మందుల దుకాణం, బట్టల దుకాణం, ఇనుప సామాను కొట్టు యజమానులకు అదొక తలనొప్పి. మూడు దుకాణాల పని తీసుకుంటే బాబు నిద్రపోయే వేళలో చేసుకోవచ్చు. పెద్ద ఆదాయం కాదు. కాని చేతిలో విద్య తుప్పు పట్టదు. మూడేళ్ల తరువాత ఉద్యోగానికి వెళ్లినప్పుడు "మధ్యలో ఏం చేశారు?" అన్న ప్రశ్నకు తల వంచుకోనక్కరలేదు.

చదువే మధ్యలో ఆగిపోయిన తల్లులకు కూడా దారి వున్నది. ఇది మన తెలుగు ఆడబడుచు వేసిన దారి. దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గారు 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. చదువు వదిలేసిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షకు కూర్చుని ఉద్యోగాలకు అర్హులయ్యేటట్టు ఆ మండలి 1958లో సంక్షిప్త విద్యా తరగతులు మొదలుపెట్టింది. ఈనాడు ఆ పనికి సార్వత్రిక పాఠశాలలు వున్నాయి. డిగ్రీకి 1982లో హైదరాబాదులో పుట్టిన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వున్నది. పిల్లవాడు అ, ఆ దిద్దుతుంటే పక్కన కూర్చుని తల్లి పరీక్షకు చదువుకుంటే, ఆ ఇంటికి వేరే అలంకారం అక్కరలేదు.

ఇక రెండో ప్రశ్న: "మాకెవరున్నారు?" మీరున్నది విజయవాడలో. పుస్తకాల విషయంలో తెలుగుదేశానికి దారి చూపిన వూరు అది. 1911లోనే అక్కడ రామమోహన గ్రంథాలయం వెలిసింది. 1914 ఏప్రిల్ 10న అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధులు సమావేశమైనదీ అక్కడే. 1960 నాటి గ్రంథాలయ చట్టం వచ్చాక మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకే వసూలు చేస్తున్నారు. అద్దె ఇంట్లో వున్నా ఆ 8 పైసలు మీ అద్దెలోంచే పోతున్నాయి. కట్టిన డబ్బుకు సరుకు తెచ్చుకోకుండా వచ్చే గృహిణిని నేనింతవరకు చూడలేదు; ఒక్క గ్రంథాలయం విషయంలో తప్ప!

మూడేళ్లవాడికి గ్రంథాలయమేమిటి అనకండి. వాడికి చదవడం రాకపోవచ్చు. బొమ్మలు చూడడం వచ్చు, కథ వినడం వచ్చు. అక్కడికి వచ్చే మరో తల్లితో మీకు పరిచయమవుతుంది. అదే పెద్ద లాభం. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. పిల్లలకు పాటలు, బొమ్మలు వేయడంలో పోటీలు పెడతారు. జనవరిలో పుస్తకాల పండుగ. తీసుకువెళ్లే పని ఆదివారం పూట వాళ్ల నాన్నకు అప్పగించండి. ఆ రెండు గంటలు మీవి.

పరిచయమైన తల్లులు నలుగురైతే మరొక పని సాధ్యమవుతుంది. వారానికి నాలుగు పూటలు, ఒక్కో పూట ఒక్కో ఇంట్లో, పిల్లలందర్నీ ఆడించుకోవచ్చు. ఇద్దరు తల్లులు దగ్గరుంటే మిగిలిన ఇద్దరికి రెండున్నర గంటలు తీరిక. మొహమాటాల వల్ల ఇలాంటివి చెడతాయి గనుక ముందే నాలుగు నియమాలు పెట్టుకోవాలి. పిల్లలు ఐదుగురికి మించకూడదు. జ్వరం, దగ్గు వున్నవాణ్ని పంపకూడదు. ఎవరి తిండి వాళ్ల ఇంటినుంచే రావాలి. ఆ పూట టి.వి., సెల్‌ఫోను రెండూ కట్టివేయాలి. ఇంటివారు ముందుగా స్నానాలగదిలో నీళ్ల బకెట్లు ఒంపేసి, మందులూ వేడి గిన్నెలూ పైకెత్తి, మేడమెట్ల తలుపు గడియ వేసి వుంచాలి. బకెట్టులో జానెడు నీళ్లున్నా పసివాడి ప్రాణానికి చాలని మరువకండి. ఇంకొక నియమం రాయకపోయినా పాటించాలి: ఆ ఇంటి సంగతులు ఈ ఇంట్లో చెప్పుకోకూడదు.

ఇంతేనా అనిపించవచ్చు. న్యాయపతి రాఘవరావుగారు, కామేశ్వరిగారు అనే దంపతులు మదరాసు రేడియోలో పిల్లలను కూడదీసి పాటలూ, నాటికలూ చేయించేవారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని పెట్టారు. 1956లో హైదరాబాదు వచ్చాక అక్కడా అదే పని. తెలుగు పిల్లలకు వాళ్లు రేడియో అన్నయ్య, అక్కయ్య. పిల్లలకు ఒక చోటు, ఒక వేళ, ఓపికగల ఇద్దరు పెద్దవాళ్లు వుంటే చాలునని ఆ దంపతులు చేసి చూపించారు. తరాలు మారినా పిల్లవాడికి కావలసింది అదే. వాడికి ఖరీదైన బొమ్మకంటే పక్కింటి పిల్లవాడు ముఖ్యం.

తల్లి ఉద్యోగం మానడం ఆ ఇంటి సొంత వ్యవహారమని మనం సరిపెట్టుకుంటున్నాం. అది వీధి వ్యవహారం కూడా. వీధిలో బిడ్డను నమ్మి వదిలే చోటు లేకపోతే, ఏ ఇంట్లోనైనా మానవలసి వచ్చేది ఆమే. చోట్లు లేకపోలేదు, మనం అడుగు పెట్టక అవి నీరసించిపోయాయి. ఇంక కొన్నాళ్లు ఇలాగే వదిలేస్తే "ఎవరూ రావడం లేదు" అని తాళం వేస్తారు. అప్పుడు అనుకుని లాభం లేదు.

ఈ పత్రిక చదివే తల్లులకూ తండ్రులకూ ఈ వారం ఒక చిన్న పని. మీ ఇంటికి దగ్గరలో వున్న అంగన్‌వాడీ కేంద్రం, శాఖా గ్రంథాలయం ఎక్కడున్నాయో కనుక్కుని, పిల్లవాడి చెయ్యి పట్టుకుని ఒక్కసారి వెళ్లి రండి. ఏం బాగున్నదో, ఏం బాగాలేదో రెండూ రాయండి. మీ వూళ్లో పదిమంది తల్లులు కలిసి నడుపుకుంటున్నదేమైనా వుంటే, అది తప్పక రాయండి. మరొక వూరివాళ్లకు అది దారి చూపుతుంది.