‘సెప్టిక్’ అన్న మాట చాలదు

జంషెడ్‌పూరు నగరంలోని బర్మామైన్స్‌లో తెలుగు కుటుంబాలకు ఇంట్లో మాట తెలుగు. వైద్యునితో మాట తరచు హిందీ. ఉక్కు కర్మాగారపు పనుల కోసం తరలివచ్చి స్థిరపడినవారి సంతతికి ఈ రెండు భాషల నడుమ రాకపోకలు కొత్త కావు. అయితే ప్రాణం మీదికి వచ్చిన వేళ ఒక మాటకు అర్థం తప్పితే విలువైన గంటలు చేజారిపోతాయి. అటువంటి మాటలలో ఒకటి ‘సెప్సిస్’.

పుండు చీము పడితే ‘సెప్టిక్ అయింది’ అనడం మన వాడుక. అందువల్ల ఇంటెన్సివ్ కేర్ వైద్యుడు ‘సెప్సిస్’ అనగానే మన మనస్సు పుండు కోసం వెదకుతుంది. రెండు మాటలకూ పుట్టిల్లు ఒక్కటే: కుళ్లుట అనే అర్థం గల గ్రీకు ధాతువు. కాని నేటి వైద్యంలో సెప్సిస్ అర్థం వేరు. సూక్ష్మజీవులను ఎదిరించే ప్రయత్నంలో శరీరం అదుపు తప్పి, తన అవయవాలనే దెబ్బతీసుకొనే ప్రాణాంతక స్థితి అని 2016లో అంతర్జాతీయ నిపుణులు దానిని నిర్వచించారు. పైకి పుండు కనిపించనక్కరలేదు. న్యుమోనియాతో, మూత్రనాళపు జబ్బుతో, ప్రేవుకు పడిన రంధ్రంతో కూడా అది ఆరంభం కావచ్చు.

2017లో ప్రపంచమంతటా సుమారు 4 కోట్ల 89 లక్షల మంది సెప్సిస్ పాలయ్యారనీ, వారిలో 1 కోటి 10 లక్షల మంది మరణించారనీ 2020లో ‘లాన్సెట్’ పత్రిక ఒక అంచనా ప్రచురించింది.

బ్రతుకు ఆశ ఎక్కువగా కాలం మీద ఆధారపడి ఉంటుంది. సెప్సిస్ వల్ల రక్తపోటు పడిపోయిన 2,731 మంది రోగుల వివరాలను కెనడా, అమెరికా వైద్యులు పరిశీలించి 2006లో ప్రకటించారు. మొదటి గంటలోనే తగిన యాంటీబయాటిక్ అందినవారిలో దాదాపు 80 శాతం బ్రతికారు. ఆ తరువాతి ఆరు గంటలలో, జాప్యమైన ప్రతి గంటకూ బ్రతికే అవకాశం సగటున 7.6 శాతం చొప్పున తగ్గింది.

ఆసుపత్రిలో ముందుగా పరీక్షకు రక్తం తీసి, వెంటనే యాంటీబయాటిక్ ఆరంభిస్తారు. సెలైన్ ఎక్కిస్తారు, అది చాలకపోతే రక్తపోటును నిలిపే మందు ఇస్తారు. చీము గడ్డ ఉంటే తొలగిస్తారు. శ్వాసయంత్రం, డయాలిసిస్ వ్యాధిని నయం చేయవు. మందు పనిచేసేవరకు అవయవాలను ఆదుకుంటాయి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలను స్వయంగా వాడటం ప్రమాదకరం. అవి జబ్బును కప్పిపుచ్చవచ్చు. మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరగడానికీ దోహదం చేస్తాయి.

ఇంటివారు గుర్తించవలసిన చిహ్నాలు కొన్ని ఉన్నాయి. జ్వరం గాని, మరేదైనా సూక్ష్మజీవుల జబ్బు గాని ఉన్న మనిషి తికమకగా మాట్లాడినా, ఆయాసపడినా, మూత్రం బాగా తగ్గినా, చర్మం చల్లబడి మచ్చలు కట్టినా తెల్లవారనిద్దామని ఆగరాదు. వృద్ధులలో జ్వరం లేకుండానే, ఒళ్లు చల్లబడి కూడా ఇది రావచ్చు.

వైద్యుని ఎదుట ‘జ్వరం’ అని ఊరుకోక, మాట ఎప్పుడు తడబడిందో, చివరిసారి మూత్రం ఎప్పుడు అయిందో, ఏ మందులు వేశారో చెప్పాలి. ‘ఇది సెప్సిస్ కావచ్చునా?’ అని అడగాలి. ఈ ప్రశ్న తెలుగులో అడిగినా, హిందీలో అడిగినా ఫలితం ఒక్కటే.