మందు బలం కాదు, గురి ముఖ్యం

జలుబు రెండు రోజుల్లో తగ్గకపోతే మనలో చాలామంది నేరుగా మందుల దుకాణానికి వెళ్తాం. "కొంచెం పవరున్న మాత్రలు నాలుగు ఇవ్వండి" అని అడుగుతాం. మీరూ ఎప్పుడో ఒకసారి ఇలా అడిగే ఉంటారు. ఈ మాటలో రెండు పొరపాట్లున్నాయి. యాంటీబయాటిక్‌ను 'పవర్'తో కొలవడం ఒకటి. నాలుగు మాత్రలతో సరిపెట్టుకోవడం రెండవది. ఈ మందులు పనిచేసే తీరు తెలిస్తే ఈ పొరపాట్లు చాలావరకు తగ్గుతాయని నా అభిప్రాయం.

బాక్టీరియా ఏకకణ జీవి. దాని కణంలో ఉండి మన కణంలో లేని భాగం మీద, లేదా మనకంటే వేరుగా ఉన్న భాగం మీద యాంటీబయాటిక్ దెబ్బ కొడుతుంది. ముఖ్యమైన గురులు నాలుగు.

మొదటిది కణకవచం. పెన్సిలిన్, అమాక్సిసిలిన్, సెఫలోస్పోరిన్లు ఈ కవచ నిర్మాణాన్ని అడ్డుకుంటాయి. బలహీనపడిన కవచంతో బాక్టీరియా పగిలిపోతుంది. మన కణాలకు కవచమే లేదు. రెండవది మాంసకృత్తులను తయారుచేసే రైబోసోములు. టెట్రాసైక్లిన్, అజిత్రోమైసిన్, జెంటామైసిన్ ఇక్కడ పనిచేస్తాయి. మొదటి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల నుంచి వెలువడింది. అప్పుడు అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మూడవది డి.ఎన్.ఏ. దాని నకలు తయారీకి అవసరమైన ఎంజైములను సిప్రోఫ్లాక్సాసిన్ ఆపుతుంది. నాలుగవది ఫోలిక్ ఆమ్లం తయారీ. సల్ఫా మందులు దీన్ని అడ్డుకుంటాయి. మనం ఆ ఆమ్లాన్ని ఆహారం నుంచి పొందుతాం కనుక మనకు ఆ ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఆలోచించండి. జలుబుకు కారణం వైరస్. దానికి కణకవచం లేదు, రైబోసోములు లేవు. గురే లేని చోట బాణం ఎంత పదునైతే ఏం లాభం? బాక్టీరియాలో కూడా మైకోప్లాస్మాకు కణకవచం ఉండదు. దానిపై పెన్సిలిన్ ఎంత వాడినా ఫలితం ఉండదు.

"ఒంటికి మందు అలవాటైపోయింది" అంటుంటాం. నిజానికి మందును తట్టుకోవడం నేర్చేది బాక్టీరియా. కొన్ని బాక్టీరియాలు పెన్సిలిన్‌ను ఛేదించే ఎంజైమును తయారుచేస్తాయి. కొన్ని లోపలికి వచ్చిన మందును బయటకు తోడేస్తాయి. మరికొన్ని గురి ఆకారాన్నే మార్చుకుంటాయి. యాంటీబయాటిక్ వాడిన ప్రతిసారీ తట్టుకోలేనివి చచ్చి, తట్టుకున్నవి మిగిలి వృద్ధి చెందుతాయి. అనవసరంగా వాడితే మనకు మేలు లేకుండానే ఈ నష్టం జరుగుతుంది. చాలీచాలని మోతాదు ప్రమాదకరమని పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లోనే తన నోబెల్ ఉపన్యాసంలో హెచ్చరించారు. 2016లో పాకిస్తాన్‌లో, సింధు రాష్ట్రంలోని హైదరాబాదు నగరంలో, ఒక మొండి టైఫాయిడ్ వ్యాపించింది. సెఫలోస్పోరిన్లు, సిప్రోఫ్లాక్సాసిన్‌తో సహా ఐదు వర్గాల మందులకు అది లొంగలేదు. నోటి ద్వారా ఇవ్వగల మందుల్లో ప్రధానంగా అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. అదే అజిత్రోమైసిన్‌ను మనం జలుబుకు కొనుక్కుంటున్నాం.

వైద్యుని దగ్గరకు వెళ్తే ఒక రోజు కూలి పోతుందని కొందరంటారు. ఆ మాట కాదనలేం. అందుబాటులో వైద్యం కల్పించడం ప్రభుత్వాల బాధ్యత. మన దేశంలో 2014 నుంచి షెడ్యూల్ హెచ్1లోని యాంటీబయాటిక్‌ల అమ్మకాలను దుకాణదారు ప్రత్యేక పుస్తకంలో నమోదు చేయాలి. అయితే అడిగేవారు అడుగుతున్నంతకాలం నియమం ఒక్కటే సరిపోదు. అందుకే ఈ విషయం వైద్య విద్యార్థులకే కాక, అక్షరం నేర్చిన ప్రతి ఒక్కరికీ పాఠం కావాలి.

చేసి చూడండి: మీ ఇంట్లో మిగిలిపోయిన మాత్రల షీట్లు తీయండి. వాటిపై నిలువుగా ఎర్ర గీత ఉందేమో చూడండి. ఉంటే, అది వైద్యుని చీటీ లేకుండా వాడకూడని మందు. అది యాంటీబయాటిక్ అయితే, పై నాలుగింటిలో దాని గురి ఏదో రాయండి. అవి ఎందుకు మిగిలిపోయాయో ఇంట్లోవారిని అడగండి. వాటిని మాత్రం ఎవరికీ ఇవ్వకండి.